వీరుడి చొక్కా

మా ఊళ్ళో యుద్ధం ఏడాదికి ఒక్కసారే జరుగుతుంది. ఆ ఒక్కసారీ మేమే ఓడిపోతాం.

తళి దాటి జవళగిరి వైపు పోతుంటే, అడవి మొదలయ్యే ముందు రోడ్డుకు ఒక పక్క మిట్ట మీద ఒక వాడ, ఇంకో పక్క పల్లంలో ఒక వాడ కనిపిస్తాయి. రెండూ కలిపితేనే మా ఊరు. పైవాళ్ళు మిట్టోళ్ళు, మేము పల్లమోళ్ళం. ఉగాది వెళ్ళాక వచ్చే జాతరలో రెండు వాడల మధ్య వాలుగా ఉన్న బీడులో పోట్లాట ఆడతాం. వెదురుబద్దలతో అల్లి రంగుగుడ్డ కప్పిన కీలుగుర్రాలను మిట్టోళ్ళు నడుముకు కట్టుకుని పైనుంచి దౌడు తీస్తూ దిగుతారు. మేము కింద, పాతకాలపు వీరుడి బొమ్మ చెక్కిన మా వీరగల్లు ముందర వెదురు కత్తులు పట్టుకుని నిలబడతాం. మా వీరుడి రాతికి ఒక పూలదండ వేసి, దాని ముందు మూకుడు నిండా కర్పూరం వెలిగిస్తారు. కర్పూరం ఆరేలోపల మిట్టోళ్ళు మమ్మల్ని దాటుకుని వచ్చి దండ లాక్కుంటే వాళ్ళు గెలిచినట్టు. ఆరేదాకా దండ నిలిస్తే మేము గెలిచినట్టు.

దండ ఎప్పుడూ నిలవలేదు. మా నాయన కాలంలోనూ నిలవలేదు, ఆయన నాయన కాలంలోనూ నిలవలేదట.

నా పేరు మంజునాథ్. గులాబీ తోట పెట్టుకుని హోసూరు మార్కెట్టుకు పూలు వేస్తుంటాను. పల్లం దండుకు పెద్దను నేనే. ఆ రాతిమీది వీరుడు మా వంశంవాడేనని మా ఇంట్లో అందరి నమ్మకం. ఆయన ఆస్తి ఏమీ మిగల్చలేదు గానీ కోపం మాత్రం దండిగా ఇచ్చిపోయాడు. తప్పెట మోగిందంటే నేను ఆగలేను. కత్తి పైకెత్తి, ఒక కేక పెట్టి, అందరికంటే ముందు దూకుతాను. నా వెనక మావాళ్ళు ఎవడికి వాడు దూకుతాడు. కీలుగుర్రం తల మనిషికన్నా బారెడు ముందుకు పొడుచుకుని ఉంటుంది. నా కత్తి ఆ తల దాటి మనిషిని అందుకోదు. నేను గాలిలో కత్తి ఆడిస్తుండగానే గుర్రం మూతి వచ్చి నా రొమ్ము మీద గుద్దుతుంది, నేను వెల్లకిలా పడతాను, ఆకాశం కనిపిస్తుంది. నీరు పల్లమెరుగు అంటారు. మా ఊళ్ళో గుర్రాలు కూడా ఎరుగును.

ఈ ఏడాది జాతరకు నెల ముందు, టీ అంగట్లో మిట్ట పెద్ద జయరామప్ప నా పక్కన కూర్చున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. అదే నాకు మంట. చెడ్డవాడైతే తిట్టుకోవచ్చు.

"మంజునాథా, ఒక మాట చెప్తాను, కోపం చేసుకోవద్దప్పా," అన్నాడు. "ఈ పోట్లాట చాలిద్దాము. గెలిచి గెలిచి మా పిల్లోళ్ళకి బోరు కొట్టింది. మీ పిల్లోళ్ళు హోసూరు కంపెనీలనించి ఓడిపోయేదానికి లీవు పెట్టి వస్తారా? పోయినేడాది మా దర్శన్ నడుచుకుంటానే వచ్చి దండ తీసుకున్నాడు."

దర్శన్ అతని కొడుకు. నడుచుకుంటూ వచ్చిన మాట నిజమే. ఒక చేత్తో సెల్‌ఫోను పట్టుకుని వచ్చాడు.

"మరి జాతర?" అన్నాను.

"జాతర ఉంటాది. వచ్చే ఏడాది నించి మా గుర్రాలు మేళంతో ఆడుకుంటా వస్తాయి. మీరు పక్కన నిలబడి చప్పట్లు కొట్టండి."

చప్పట్లు! నా చెవులు వేడెక్కాయి. మా వీరుడి ముందర, మా బీడులో, మా వాళ్ళు చప్పట్లు కొట్టాలట.

"ఈసారి మేము గెలిస్తే?" అన్నాను.

అంగట్లో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. టీ పోసేవాడు కూడా నవ్వాడు.

"గెలిస్తే ఆట ఉంటాది," అన్నాడు జయరామప్ప, నవ్వకుండా. "ఓడిపోతే ఆ కత్తులు పొయిలో పెట్టేయండి. సరేనా?"

"సరే!" అని గ్లాసును బల్లమీద కొట్టాను. గ్లాసు పగిలింది, మాట మిగిలింది.

ఇంటికి వచ్చి చెబితే మా అమ్మ పిల్లమ్మ చేట పక్కన పెట్టి నన్ను పైనుంచి కిందికి చూసింది. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతాది అన్నారు. నీ నోటికి ఊర్లో ఉండే ఆట గూడా పోయె," అంది.

మా అన్న కూతురు వినుత అప్పుడు సెలవులకు వచ్చి ఉంది. కృష్ణగిరిలో చరిత్ర ఎం.ఏ. చదువుతోంది. అరుగు మీద చెనక్కాయలు ఒలుస్తూ అంతా విన్నది.

"చిన్నాయనా, నువ్వు ఎట్ల నిలబడతావు?" అని అడిగింది.

"నిలబడేదేముంది? దూకుతాను."

"మిగతావాళ్ళు?"

"వాళ్ళూ దూకుతారు."

"అందుకే," అని ఒక చెనక్కాయను నేలమీద పెట్టి దానిమీదికి రాగి చెంబును దొర్లించింది. కాయ పటుక్కుమంది. "ఇది నువ్వు. చెంబు గుర్రము. ఒకప్పుడు లోకమంతా ఇట్లనే ఉండింది. గుర్రం మీద ఉండేవాడే దొర. కింద నిలబడేవాడు ఊక. దొరలు ఓడల్లో గుర్రాలు తెప్పించుకున్నారు, వాటికోసం రాజ్యాలే ఖర్చుపెట్టినారు."

"మరి ఊక ఏం చేసింది?"

వినుత చీపురు పుల్లలు నాలుగు తుంచి, వాటిని పక్కపక్కన నేలకు ఆనించి, మొనలన్నీ ఏటవాలుగా చెంబు వైపు పెట్టింది. "కత్తి పారేసి పొడుగాటి ఈటె పట్టింది. ఒకడే దూకలేదు. భుజం భుజం ఆనించి నిలబడింది. గుర్రానికి మనిషికంటే బుద్ధి ఎక్కువ చిన్నాయనా, ముండ్ల మీదికి దూకదు. ముందరిది ఆగితే వెనకవి దానిమీద పడతాయి. ఆ పొద్దునించి గుర్రమోళ్ళ పొగరు అణిగింది. తరవాత తుపాకులు వచ్చినాయి, ఈటెలోళ్ళ పొగరూ అణిగింది. ఫిరంగులు వచ్చినాక కోట గోడలు లావైనాయి. ఒకడు గెలిచినాడంటే, దానికి మందు ఇంకొకడు నూరతానే ఉంటాడు."

నేను లేచి నిలబడ్డాను. కాళ్ళు ఆగలేదు. "ఈటెలు! పొడుగు వెదుర్లు తెస్తాను! ఇప్పుడే పోతాను!"

"కూచో," అంది మా అమ్మ. "రాతిలో లేంది చేతిలోకి ఎట్ల వస్తాది?"

కూర్చున్నాను. మా పోట్లాటలో ఆయుధాలకు ఉన్నది ఒకే కట్టు. రాతిలో ఉండేదే చేతిలో ఉండాలి. మిట్టోళ్ళ వీరగల్లులో గుర్రం ఉంది, అందుకే వాళ్ళకు గుర్రాలు. మా రాతిలో వీరుడు, అతని చేతిలో కత్తి, పక్కన ఒక జెండా కర్ర, అతని వెనక కంచె. ఈటె లేదు. పూజారి దాసప్ప ఆట మొదలయ్యే ముందు ప్రతి ఒక్కడి చేతినీ చూసిగానీ తప్పెట కొట్టనివ్వడు.

వినుత చెనక్కాయ నోట్లో వేసుకుని నములుతూ ఆలోచించింది. "ఆ జెండా రాతిలో ఉండాదా, మనము పూసిందా?"

జెండాకు ఎర్రరంగు వేసేది నేనే. మా నాయన చూపినచోట వేస్తాను.

ఇక్కడ మా ఆచారం ఒకటి చెప్పాలి. జాతరకు ముందు మా వీరుడికి చొక్కా వేస్తాం. అంటే రాతికి చిక్కటి సున్నం పూసి, దానిమీద రంగులతో కళ్ళూ మీసాలూ కత్తీ జెండా కంచే దిద్దుతాం. ప్రతి ఏడాదీ కొత్త చొక్కా, మిట్టోళ్ళ వీరుడికీ అంతే. పాతది విప్పడం మాత్రం లేదు. అలా చొక్కా మీద చొక్కా పడి మా వీరుడు గుండ్రంగా, బొద్దుగా, పెళ్ళిభోజనం చేసి కూర్చున్న మనిషిలా తయారయ్యాడు. కత్తి గరిటెలా ఉంటుంది. మేము ఎవరమూ ఎప్పుడూ అసలు రాయిని చూడలేదు.

మర్నాడు పొద్దున్నే, పాత చొక్కాలు విప్పి చూస్తామని దాసప్పను అడగడానికి నేనూ, మా అమ్మా, వినుతా పోయాం. ఆయన రెండు చెవులూ మూసుకున్నాడు.

"పాత చొక్కా విప్పుతారా? వీరుడికి కోపం వస్తాదమ్మా!"

మా అమ్మ నడుముమీద చెయ్యి పెట్టుకుంది. "దాసప్పా, ఈ ఎండల్లో నీకు అన్ని చొక్కాలు తొడిగితే నీకు కోపం రాదా? ఇన్నేండ్లు మనల్ని ఓడిస్తా ఉండేది మిట్టోళ్ళు కాదప్పా, ఆయనే. ఉక్కపోసి ఓడిస్తా ఉండాడు."

దాసప్ప చెవుల మీది చేతులు దించాడు. చివరికి, "ఇనుము తగలకూడదు," అన్నాడు.

ఇనుము తగలనివ్వలేదు. వినుత అసలే తగలనివ్వలేదు. రెండు రోజులు తడి గోనెపట్టాలు కప్పి సున్నం నానబెట్టాం. మూడోనాడు కొబ్బరిపీచుతో రుద్దుతూ, వెదురుబద్దలతో మెల్లగా లేపుతూ పోయాం. పెచ్చులు ఊడిపడుతున్నాయి. తెలుపు కింద పసుపు, పసుపు కింద ఎరుపు, దాని కింద మళ్ళీ తెలుపు. మా నాయన పూసిన జెండా ఒకటి ఊడింది, దాని కింద ఆయన నాయన పూసిన జెండా ఇంకొకటి కొంచెం పైన ఉంది. తరం తరానికీ జెండా కిందికి దిగుతూ వచ్చిందన్నమాట. నేను నవ్వుతూ గోకుతున్నాను.

ముందుగా మా అమ్మ వేలి కింద ఒక గిట్ట బయటపడింది.

"గుర్రము!" అంది.

మా రాతిలో గుర్రమా? ముగ్గురం ఆ పక్కకే చేరాం. ఇంకో గిట్ట, మోకాలు, మెడ. గుర్రం ముందుకాళ్ళు రెండూ పైకి లేచి ఉన్నాయి, మెడ వెనక్కి విరుచుకుని ఉంది. భయపడిన గుర్రం అది. ఎవరైనా చెప్పగలరు.

"దేన్ని చూసి భయపడింది?" అన్నాను.

వినుత జెండా ఉన్న చోట వెదురుబద్ద పెట్టి పట్టుకుని లేపింది. పెద్ద పెచ్చు ఒకటి జారి నా కాలిమీద పడింది. జెండా లేదు. జెండా ఉండాల్సిన చోట ఆకు ఆకారంలో మొన ఉంది. ఆ కర్ర ఏటవాలుగా ఎందుకుందని మేము ఎన్నడూ అడగలేదు, గాలికి వంగింది కాబోలు అనుకున్నాం. మొన సూటిగా గుర్రం రొమ్ము మీదికి ఉంది. కర్ర రెండో కొస వీరుడి కాలి కింద ఉంది. మనిషికి రెండింతల పొడుగు ఈటె!

"కత్తి?" అని అరిచాను. "కత్తి యాడ?"

కత్తి ఆయన నడుముకు వేలాడుతోంది. ఒరలోనే ఉంది. ఇన్ని తరాలుగా మేము ఊపుతూ వచ్చిన కత్తిని ఆ మహానుభావుడు దూయనైనా లేదు.

కంచె చివరగా ఊడింది. కంచె కాదు అది. వీరుడి భుజానికి ఆనుకుని వెనక్కి వరసగా చిన్న చిన్న మనుషులు, అందరి చేతుల్లో ఏటవాలు గీతలు, అందరి మోకాళ్ళూ నేలమీదే. ఒకడి భుజం ఇంకొకడి భుజాన్ని ఆనుకుని ఉంది. మనుషులను మేము పచ్చరంగు పూసి కంచె చేశాం.

నేను ఏడ్చాను. దాచుకోవడానికి ఏముంది? మా అమ్మ కొంగుతో వీరుడి ముఖం తుడిచి, "ఇప్పుడు గాలి ఆడుతా ఉండాదా నాయనా?" అంది. వినుత మాత్రం సెల్‌ఫోనుతో అటునుంచి ఇటునుంచి ఫోటోలు తీస్తూ గంతులు వేస్తోంది.

ఆ ఫోటోలు చేసిన పని నా కేకలు ఏనాడూ చేయలేదు. హోసూరులో షిఫ్టు పని చేసే, నాకు తమ్ముడి వరసయ్యే రక్షిత్ ఫోటో చూసిన అరగంటకు ఫోను చేశాడు. వాడు పోయినేడాది జాతరకే రాలేదు. "అన్నా, నాకి లీవు శాంక్షన్ అయిపోయింది. మన వాడ పిల్లోళ్ళు అందరూ వస్తా ఉండారు. ఈటెలు యాడ దొరుకుతాయి?"

ఈటెలు కావేరిపట్టణంలో దొరికాయి. వినుత మేనమామకు అక్కడ మామిడితోట ఉంది. కాయలు కోసే దోటీలు, మనిషికి రెండింతల పొడుగువి, కోతలు ఇంకా మొదలవక షెడ్డులో ఊరికే పడి ఉన్నాయి. కొక్కేలు తీసేసి, కొసన ఉండే వలసంచిలో గడ్డి కూరి గుడ్డ చుట్టాం. ఎవరికీ దెబ్బ తగలదు. గుడ్డను పసుపునీళ్ళలో ముంచితే తగిలినచోటు తెలుస్తుంది, తగిలినవాడు ఆటలోంచి తప్పుకుని కూర్చోవాలి. టెంపోలో పట్టా కప్పి తెచ్చాం. దారిలో అడిగినవాళ్ళకు పందిరి గుంజలని చెప్పాం.

ఆయుధం దొరికింది, నిలబడటం మాత్రం చేతకాలేదు. మా తోట వెనక చేలో సాధన మొదలుపెట్టాం. రక్షిత్ మోపెడుకు ముందు చేట కట్టుకుని గుర్రంలా మా మీదికి వచ్చాడు. సగం మంది దోటీలు పారేసి గట్టు ఎక్కారు. నేను, నా అలవాటు కొద్దీ, కేకపెట్టి ముందుకు దూకాను. దోటి కాళ్ళకు అడ్డంపడి బోర్లా పడ్డాను.

"చిన్నాయనా!" అని గట్టుమీద నుంచి వినుత అరిచింది. "నువ్వు దూకితే నీ చోట సందు పడతాది. గుర్రము ఆ సందులోనే వస్తాది."

"దూకనోడు వీరుడెట్ల అవుతాడు?" అని నేనూ అరిచాను.

ఆమె దిగివచ్చి నా చెయ్యి పట్టుకుని రాతి దగ్గరికి తీసుకుపోయింది. వీరుడి మోకాలు చూపించింది. ఆ మోకాలు నేలమీదే ఉంది. పక్కవాడి భుజం ఆయన భుజానికి తగులుతోంది. చూస్తే అర్థమైంది గానీ, మర్నాడు మోపెడు రాగానే మళ్ళీ దూకాను. ఆ మర్నాడూ దూకాను. అందరూ కుదురుకున్నారు, మోకాలు నేలకు ఆనించి, దోటి కొస పాదంకింద తొక్కిపట్టి, గోడలా కూర్చుంటున్నారు. గోడలో ఒక్క రాయే ఊడిపోతోంది, ఆ రాయి దండుకు పెద్ద.

చివరికి మా అమ్మ ఒక తువ్వాలు తెచ్చి నా నడుమును రక్షిత్ నడుముకు కట్టేసింది. "కయ్యానికి కాలు దువ్వే పుంజుకి కాలికి తాడు కట్టాల," అంది. అందరూ విరగబడి నవ్వారు. నాకు ఒళ్ళు మండింది గానీ, ఆ రోజు మోపెడు ఆగింది.

జాతరనాడు సాయంత్రం బీడు చుట్టూ ఇసుకవేస్తే రాలనంత జనం. పైన మిట్టోళ్ళ గుర్రాలు ఎరుపూ నీలమూ గుడ్డలతో, అద్దాలతో మెరుస్తున్నాయి. మేము దోటీలు ఎత్తుకుని బీడులోకి దిగాం. ఒక్క క్షణం తప్పెట్లు ఆగాయి. ఆ తర్వాత మిట్టమీద నవ్వు మొదలై కిందిదాకా దొర్లింది.

"ఏమప్పా మంజునాథా," అని జయరామప్ప అరిచాడు, "మామిడికాయలు యాడుండాయి ఈడ?"

"రాతిలో లేంది చేతిలో ఉండాది! తీసేయమను!" అని దర్శన్ అరిచాడు.

దాసప్ప వీరగల్లు మీద కప్పిన గుడ్డ తీశాడు. ఈసారి చొక్కా వేయలేదు. నూనె పూసిన నల్లరాయి. జయరామప్ప దిగివచ్చి వంగి చూశాడు. ఈటెను చూశాడు, గుర్రాన్ని చూశాడు, వరసలో ఉన్న చిన్నవాళ్ళను ఒకొక్కరినే వేలితో తాకాడు. నవ్వు పోయింది. "ఉండాది," అని ఒక్కమాట అని పైకి పోయాడు.

దాసప్ప మా చేతులు చూసుకుంటూ నా దగ్గరికి వచ్చి ఆగాడు. నా నడుముకూ రక్షిత్ నడుముకూ ఉన్న తువ్వాలును పట్టుకుని, "ఇదేంది?" అన్నాడు.

"తువ్వాలు," అన్నాను.

"రాతిలో తాడు యాడ ఉండాదప్పా?" అని ముడి విప్పి తువ్వాలు తన భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

మా అమ్మ జనంలోంచి తల పట్టుకోవడం కనిపించింది.

కర్పూరం వెలిగింది. తప్పెట్లు ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. నేల అదిరింది. పైనుంచి గుర్రాలన్నీ దుమ్ము లేపుకుంటూ దిగుతున్నాయి, గజ్జెల మోత చెవులు పగలగొడుతోంది. "మోకాలు!" అని అరిచాను. మావాళ్ళందరూ కూర్చున్నారు. దోటీలు వాలాయి.

ముందరి గుర్రం ఆగింది!

నిజంగా ఆగింది. వెదురుగుర్రమే అయినా లోపలున్నది మనిషే కదా, రొమ్ముకు ఎదురుగా అన్ని మొనలు చూసి కాళ్ళు బిగబట్టాడు. వెనకనుంచి వచ్చినవాడు ఆగలేక వాడి వీపుమీద పడ్డాడు. వాడిమీద ఇంకొకడు. వెదురు ఫెళఫెళమంది. పసుపు మచ్చలు పడినవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు కూర్చుండిపోతున్నారు. మా పల్లం ఆడవాళ్ళు ఈలలు వేశారు. ఆ ఈలలు నేను పుట్టి ఎరుగను.

దర్శన్ తెలివైనవాడు. పడినవాళ్ళలో వాడు లేడు. మిగిలిన గుర్రాలను పక్కకు లాగి, వరస పొడుగునా పరిగెత్తుతూ సందుకోసం వెతికాడు. సందు లేదు. మూకుట్లో మంట సగానికి దిగింది. వాడు సరిగ్గా నా ఎదురుగా వచ్చి, దోటికి అందనంత దూరంలో గుర్రాన్ని ఆడిస్తూ నిలబడ్డాడు. వాడి కళ్ళు చూస్తేనే తెలిసింది, సందు ఎక్కడ పడుతుందో వాడికి తెలుసు. ఊరందరికీ తెలుసు.

"ఏం మంజునాథన్నా, తోటకి కాపలా కూచున్నావా?" అన్నాడు. "పండ్లు రాలినప్పుడు చెప్పు, వస్తాము."

పళ్ళు బిగించాను.

"మీ నాయన ఉన్నింటే ఈపాటికి దూకేవాడు. ఆయన మొగోడు. నువ్వేందన్నా, ఆడోళ్ళ మాదిరి కూచున్నావు!"

నా మోకాలు లేచింది. అబద్ధం ఎందుకు, లేచింది. నేలకూ దానికీ మధ్య బెత్తెడు సందు పడింది, అరచేతుల్లో దోటి కదిలింది. రక్షిత్ భుజం నా భుజాన్ని ఇంకా గట్టిగా నొక్కింది. వాడి ఒళ్ళు వణుకుతోందని ఆ భుజం నాకు చెప్పింది. నేను లేస్తే ముందు పడేది వాడే. వాడి పక్కవాడు, ఆ పక్కవాడు. మా నాయన గుర్తుకు వచ్చాడు. ఆయన దూకేవాడు, నిజమే. దూకిన ప్రతిసారీ ఆయన వెనక పల్లమంతా పడిపోయేది, నిజమే కదా!

మోకాలు నేలకు దించాను.

దించి, నోరు తెరిచాను. దర్శన్‌ను, వాడి గుర్రాన్ని, వాడి గుర్రం తోకను, మిట్టమీది నీళ్ళ ట్యాంకును, దేన్నీ వదలకుండా తిట్టాను. కోపమంతా నోట్లోంచి పోయింది, మోకాలు కదలలేదు. అయితే వాడు నా అరుపులు విని నేను ఇక లేచేస్తాననే అనుకున్నాడు. నా మీదికే గుర్రాన్ని దౌడు తీయించాడు. సందు ఉండాల్సిన చోట నా దోటి ఉంది. పసుపు మూట పోయి గుర్రం రొమ్ముకు ఆనింది, కొస నా పాదంకింద నేలలో దిగింది, వెదురు విల్లులా వంగింది. రక్షిత్ దోటి పక్కనుంచి వెళ్ళి దర్శన్ చొక్కా మీద పెద్ద పసుపు మచ్చ వేసింది. వాడు నా ముఖంలోకి చూశాడు. నేను కూర్చునే ఉన్నాను. వాడికి అదే నమ్మకం కుదరలేదు.

"ఆరిపోయె!" అని దాసప్ప కేక. "కర్పూరము ఆరిపోయె! దండ ఉండాది!"

తర్వాత ఏం జరిగిందో నాకు వరసగా గుర్తులేదు. ఎవరో ఎత్తారు, ఎవరో దించారు. మా అమ్మ నా చెంపలు రెండూ పట్టుకుని, "కూచున్నావు కదా నాయనా, కూచున్నావు!" అని పదిసార్లు అంది. పరీక్ష పాసైనప్పుడు కూడా ఆమె అంత సంతోషపడలేదు. దండుపెద్ద మెడలో వేద్దామని దాసప్ప దండ తెచ్చాడు. నేను దాన్ని మళ్ళీ వీరుడికే వేసి, ఆ చిన్న మనుషుల వరస మీదికి కూడా వచ్చేలా సర్దాను. మిట్టోళ్ళు వచ్చి మాతోపాటే భోజనానికి కూర్చున్నారు. జయరామప్ప మాత్రం ఎక్కడా కనిపించలేదు.

మర్నాడు పొద్దున్నే ఒక శబ్దానికి మెలకువ వచ్చింది. గర్ గర్ గర్ అని మిట్టమీద నుంచి వస్తోంది. ఆ శబ్దం నాకు బాగా తెలుసు. ఒంటిమీద చొక్కా కూడా వేసుకోకుండా పైకి పరిగెత్తాను.

మిట్టోళ్ళ వీరగల్లు దగ్గర తడి గోనెపట్టాలు పడి ఉన్నాయి. జయరామప్ప పంచె ఎగ్గట్టి కొబ్బరిపీచుతో రాయి రుద్దుతున్నాడు. నన్ను చూడగానే భుజంమీది తువ్వాలు తీసి రాతికి అడ్డం కప్పేశాడు. రాతి వెనకనుంచి చేతిలో వెదురుబద్దతో ఇంకొక తల లేచింది. మా వినుత!

"నువ్వు మా పిల్లవా, వీళ్ళ పిల్లవా?" అని అరిచాను.

"గుర్రమోళ్ళు ఊరికే ఓడిపోతా ఉంటే ఆటేముంటాది చిన్నాయనా?" అంది, ముఖం నిండా సున్నంతో. "తెల్లారకముందే ఆయనే వచ్చి పిలిచినాడు."

"ఆ తువ్వాలు కింద ఏముండాది?"

"ఏందో పొడుగ్గా, బొంగు మాదిరి ఉండాది," అంది వినుత. "ఇంగా కొన్ని పొరలు పోవాల."

"చెప్పొద్దమ్మా!" అని జయరామప్ప ఆమెను కసిరి, నా వైపు తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నిద్రపోయినట్టు లేదు. కానీ ఆ మనిషి ముఖంలో అంత వెలుగు నేను ఎన్నడూ చూడలేదు. "నీకెందుకప్పా ఇప్పుడే తొందర? వచ్చే ఏడాది చూస్తావు కదా!"

వచ్చే ఏడాది! ఆ మాట అన్నది అతనే. నాకు గట్టిగా నవ్వు వచ్చింది, కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. ఏదో తిట్టాలనుకుని వచ్చినవాణ్ణి ఒక్క తిట్టు కూడా గుర్తురాక వెనక్కి తిరిగి వాలంతా దూకుతూ కిందికి వచ్చాను.

మా వసారాలో రక్షిత్ దుప్పటి కప్పుకుని పడుకుని ఉన్నాడు. దుప్పటి లాగేశాను.

"లేరా! తుపాకికి ఎదురు ఎట్ల నిలబడాల?"

వాడు ఒక కన్ను తెరిచి నన్ను చూశాడు. తర్వాత నా కాలివైపు చూశాడు. కుడి మోకాలికి నిన్నటి ఎర్రమట్టి అలాగే అంటుకుని ఉంది.

"ముందు మోకాలు కడుక్కో అన్నా," అని మళ్ళీ దుప్పటి కప్పుకున్నాడు.